మా ముసలి పర్షియన్ పిల్లి, వెంట్రుకల ఉండలు: నా అనుభవం

మా జున్నుగాడు మీగడరంగు పర్షియన్ పిల్లి. ఇప్పుడు 13వ ఏడు నడుస్తోంది. పొడుగు బొచ్చు పిల్లి ఉన్న ఇంట్లో వెంట్రుకలు కక్కడం వింతేమీ కాదు. మాకూ రెండు మూడు నెలలకోసారి సోఫా వెనకాలో, పూజగది ముందు పట్టా మీదో వేలంత పొడుగున తడిసి ముద్దయిన బొచ్చు కనిపించేది. తీసి పారేసి నేల తుడిచేసుకునేవాళ్ళం. (నల్ల ఫినాయిల్‌తో మాత్రం తుడవకండి. కాళ్ళకంటిన దాన్ని పిల్లి నాకేస్తుంది, దానికది విషం. సబ్బునీళ్ళు చాలు.)

పోయినేడు శివరాత్రి దాటాక ఆ లెక్క మారింది. నెలలకోసారి ఉన్నది వారానికొచ్చింది, తర్వాత మూడు నాలుగు రోజులకొచ్చింది. తెల్లవారుజామున గొంతులోంచి ఆ గుడగుడ చప్పుడు వినిపించిందంటే ఇంట్లో ఎవరో ఒకరు పాత పేపరు పట్టుకుని పరిగెత్తాల్సిందే. "పిల్లన్నాక కక్కదా ఏమ్మా, ఎండలు ముదురుతున్నాయి, బొచ్చు రాలుతోంది" అని అత్తయ్య తేలిగ్గా తీసేశారు. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. రోజు నిడివి పెరిగేకొద్దీ పిల్లులు చలికాలపు బొచ్చు రాలుస్తాయి. కానీ అదే ఎండ, అదే బొచ్చు అంతకుముందు పదకొండు ఎండాకాలాల్లోనూ ఉన్నాయి. అప్పుడు లేనిది ఇప్పుడెందుకొచ్చింది?

పెట్ షాపులో అడిగితే వెంట్రుకని కిందికి జారించే మాల్ట్ పేస్ట్ ట్యూబొకటి చేతిలో పెట్టారు. దాని సంగతి తర్వాత చెప్తాను. కొన్నాళ్ళు కాస్త తగ్గినట్టనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. నన్ను అసలు కంగారు పెట్టింది వేరే. దువ్వెన పెడితే వెన్నుపూస చేతికి తగులుతోంది. పర్షియన్‌కి బొచ్చు ఎంత దట్టంగా ఉంటుందంటే, కిలో తగ్గినా కంటికి కనబడదు. చేత్తో తడిమితేనే తెలుస్తుంది.

క్లినిక్‌కి వెళ్ళేముందు వంటింట్లో గ్యాస్ వాళ్ళిచ్చిన క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టాను. వెంట్రుకలొస్తే 'వెం', తిన్నది వస్తే 'తి', ఉత్త నురుగో పసుపు నీళ్ళో అయితే 'ను'. పెద్ద సైన్సేమీ లేదు, పాలవాడి లెక్కలా రాసుకున్నాను. కొన్ని వారాలకి చూసుకుంటే నేను అనుకున్నదానికీ అక్కడ రాసినదానికీ పొంతన లేదు. మేం 'హెయిర్‌బాల్' (వెంట్రుకల ఉండ) అని చెప్పుకుంటున్న వాటిలో దాదాపు సగం సార్లు వెంట్రుకే లేదు. తిండి, దానికంటుకున్న నాలుగు వెంట్రుకలు, లేదా నురుగు. పక్కనే ఫోన్లో వీడియో కూడా తీసిపెట్టుకున్నాను.

విజయవాడ ఎండలో పర్షియన్‌ని మధ్యాహ్నం ఆటోలో తీసుకెళ్ళడం ఆలోచించకూడని పని. వాటి మొహం నొక్కేసినట్టుంటుంది కాబట్టి శ్వాస సరిగ్గా ఆడదు, వేడికి తొందరగా సొమ్మసిల్లుతాయి. పొద్దున్నే అపాయింట్‌మెంట్ తీసుకుని, బుట్టలో తడిగుడ్డ చుట్టిన ఐస్ బాటిల్ పెట్టి తీసుకెళ్ళాను. డాక్టరమ్మగారు ముందు వీడియో చూపించమన్నారు. ఎందుకంటే పిల్లులకి ఉబ్బసం వస్తే వచ్చే దగ్గు కూడా చూసేవాళ్ళకి హెయిర్‌బాల్ లాగే ఉంటుందట. నేలకి అణిగి, మెడ ముందుకు చాచి దగ్గుతాయి, చివరికి ఏమీ రాదు. ఇంట్లోవాళ్ళు వెంట్రుక ఇరుక్కుందనుకుని పేస్ట్ నాకిస్తూ నెలలు గడిపేస్తారు. మావాడి వీడియోలో పొట్ట ఎగసెగసి పడుతోంది. "ఇది దగ్గు కాదమ్మా, వాంతే" అన్నారు.

తర్వాత తూకం వేశారు. రెండేళ్ళ కిందట టీకాకి వెళ్ళినప్పుడు 4.7 కిలోలు. ఇప్పుడు 3.9.

ఆవిడ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. పిల్లి నాలుక మీద ముళ్ళుంటాయి కదా, అవి గొంతు వైపు వంగి ఉంటాయి. అందుకే నాక్కున్నప్పుడు వచ్చిన వెంట్రుకని ఉమ్మేయడం దానికి చేతకాదు, మింగాల్సిందే. వెంట్రుక అరగదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో చాలావరకు మలంతో పాటు బయటికి పోతుంది. పోకుండా వెనక్కి వస్తోందంటే రెండే చూడాలి: లోపలికి పోయే వెంట్రుక ఎక్కువైందా, లేక పోయింది ముందుకు కదలడం తగ్గిందా. కుర్ర పిల్లిలో ఎక్కువగా మొదటిది. మిడతలు, ఈగలు లేని ఇంట్లో పనీపాటా లేక నాక్కుంటూ కూర్చుంటాయి, లేదా ఒంట్లో గోమార్లుంటాయి (బొచ్చులో దూకుతూ రక్తం పీల్చే చిన్న పురుగులు, ఇంగ్లీషులో ఫ్లీలు), ఆ దురదకి నాక్కుంటాయి. ముసలి పిల్లిలో, అదీ బరువు తగ్గుతున్నదానిలో, రెండోదాన్ని కొట్టిపారేయకూడదన్నారు.

గోమార్ల పరీక్ష అక్కడికక్కడే అయిపోయింది. తోక మొదట్లో బొచ్చు దువ్వి, రాలిన నల్ల నలుసులని తడి టిష్యూ మీద వేశారు. ఎర్రగా కరిగితే అది గోమారు రెట్ట, అంటే పిల్లి రక్తమే. మావాడివి కరగలేదు, ఉత్త దుమ్ము. దీనితో పాటు ఒక హెచ్చరిక: కుక్కల గోమార్ల మందు పిల్లికి ఎప్పుడూ వాడొద్దు, వాటిలో పెర్మెత్రిన్ ఉంటే ప్రాణం మీదకొస్తుంది.

నడుము కింద నొక్కినప్పుడు జున్నుగాడు తిరిగి కసిరాడు. అక్కడే, తోకకి పైన, బొచ్చు జడలు కట్టి ఉంది. పొట్ట, ముందుకాళ్ళు మాత్రం నున్నగా ఉన్నాయి. తుంటి కీళ్ళు అరిగి వెనక్కి తిరగలేకపోతున్నాడు, అందిన చోటే పదేపదే నాక్కుంటున్నాడని ఆవిడ అన్నారు. సోఫా ఎక్కడం మానేసి కిందే పడుకుంటుంటే 'పెద్దాడయ్యాడు, బుద్ధొచ్చింది' అని మేం మురిసిపోయిన రోజులవి.

రక్తపరీక్షలు రాశారు. కిడ్నీ, లివర్, చక్కెర, థైరాయిడ్. ముసలి పిల్లులకి థైరాయిడ్ ఎక్కువై, బాగా తింటూనే చిక్కిపోతూ వాంతులు చేసుకోవడం మామూలేనట. మావాడికి థైరాయిడ్ బాగుంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ గీతకి కొంచెం అటూ ఇటూ ఉంది. పర్షియన్లలో కిడ్నీలో నీటితిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉంటుంది కాబట్టి పొట్ట స్కాన్‌లో అదీ చూశారు. తిత్తులు లేవు. చిన్నపేగు గోడ మాత్రం మందంగా ఉంది. విటమిన్ బి12 తక్కువగా ఉంది.

ఇక్కడ నాకు టెన్షన్ మొదలైంది. ఆ మందం రెండు రకాలుగా రావచ్చు. ఒకటి పేగులో ఎప్పుడూ ఉండే వాపు, రెండోది నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫోమా, అంటే క్యాన్సర్. స్కాన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చాలంటే పేగు ముక్క తీసి పరీక్ష చేయాలి, దానికి మత్తివ్వాలి. వాడి వయసు, కిడ్నీ చూసుకుని, ముందు తిండి మార్చి చూద్దాం, లొంగకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. మావారు "వెంట్రుకలు కక్కుతోందని తీసుకెళ్తే క్యాన్సర్ దాకా వెళ్ళిందేంటి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కానీ కిలోకి దగ్గరగా బరువు పోయిన పిల్లికి ట్యూబు పేస్ట్ రాసి పంపేసే డాక్టర్ కంటే ఇలా అడిగే డాక్టరే నయం.

తిండి మార్చడం అంటే బ్రాండ్ మార్చడం కాదు. మాంసకృత్తులని శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేకమైన తిండి, డాక్టర్ రాస్తేనే కొనాలి. పేగుకి సంబంధించిన మార్పు రెండు మూడు వారాల్లో కనిపించవచ్చు, అయినా ఆరేడు వారాలు గట్టిగా పట్టుకోవాలన్నారు. ఆ కాలంలో ఇంకేదీ నోట్లో పడకూడదు. ట్రీట్లు, పెరుగు, పాలు ఏమీ వద్దు. మాల్ట్ పేస్ట్ కూడా ఆపమన్నారు, అందులో రుచికోసం ఏం కలుపుతారో మనకి తెలియదు కదా అని.

మా ఇంట్లో ఆదివారం పూట అత్తయ్య చేపలు తోముతుంటే జున్నుగాడు పక్కన పీటేసుకుని కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఆవిడ తలకాయ ముక్క ఒకటి పక్కకి తోస్తారు. ఇది వాళ్ళిద్దరి మధ్య పన్నెండేళ్ళ ఒప్పందం. "అత్తయ్యా, ఈ రెండు నెలలు వద్దండీ" అంటే మొదటివారం ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. "నోరులేని జీవం, చివరి రోజుల్లో కడుపు మాడుస్తున్నావు" అన్నారు. స్కాన్ బొమ్మ చూపించినా లాభం లేకపోయింది. బొమ్మలో ఆవిడకే కాదు, నాకూ ఏమీ అర్థం కాలేదు. ఆఖరికి చేపలు శుభ్రం చేసేంతసేపూ పిల్లిని గదిలో పెట్టి తలుపేయడం దగ్గర రాజీ కుదిరింది. ఆవిడ చేసిన ఇంకో సూచన నెయ్యి. ఇది చాలామంది చెప్తారు, వెన్న, కొబ్బరినూనె అని కూడా. పిల్లి పేగు నెయ్యిని శుభ్రంగా అరిగించేసుకుంటుంది, కాబట్టి వెంట్రుకని జారించడానికి అక్కడ ఏమీ మిగలదు. ఎక్కువైతే విరేచనాలొకటి.

బి12 ఇంజెక్షన్లు వారానికొకటి చొప్పున ఆరు వారాలు, తర్వాత నెలకొకటి. చర్మం కింద వేసేదే. మెడ వెనక చర్మం పైకి లాగి ఎలా వేయాలో నేర్పించారు. మొదట్లో నా చెయ్యి వణికింది, వాడు మాత్రం గిన్నె మీంచి తలెత్తలేదు.

ఇక దువ్వడం. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు ఖర్చుకాని, ఫలితం కళ్ళకి కనిపించే పని ఇదొక్కటే. దువ్వెనకొచ్చిన ప్రతి కుచ్చూ వాడి పొట్టలోకి పోకుండా ఆగిన కుచ్చే. అంతకుముందూ దువ్వేవాళ్ళం, ఆదివారం పూట, పైపైన, వీపు మెరిసేదాకా. పర్షియన్‌కి పై బొచ్చు కింద ఇంకో మెత్తటి పొర ఉంటుంది. రాలిపోయేదంతా అదే, చిక్కుపడేదీ అదే. పైపై బ్రష్ దాన్ని తాకనే తాకదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం తిండికి ముందు దువ్వుతాను. ఆకలి మీదుంటాడు, తర్వాత గిన్నె వస్తుందని తెలుసు, కాబట్టి ఓర్చుకుంటాడు. ముందు బుగ్గలు, గడ్డం కింద. అక్కడ దువ్వితే ఏ పిల్లైనా కళ్ళు మూస్తుంది. తర్వాత మెడ, వీపు. చంకలు, పొట్ట, తొడల వెనక చివర్లో, అదీ రోజుకో చోట. పళ్ళు దూరంగా ఉండే స్టీలు దువ్వెన మొదట, దగ్గర పళ్ళది తర్వాత. వంగిన తీగలుండే స్లిక్కర్ బ్రష్ చిక్కిపోయిన ముసలి పిల్లికి జాగ్రత్తగా వాడాలి. మాంసం లేని చోట ఆ తీగలు చర్మాన్ని గీరేస్తాయి. ముందు నా మోచేతి లోపలివైపు గీసుకుని చూసి, ఎంత నొక్కాలో తెలుసుకున్నాను. నడుము మీదకొచ్చేసరికి ఒక చేత్తో కుచ్చు మొదలు పట్టుకుని ఇంకో చేత్తో దువ్వాలి, అప్పుడు లాగుడు చర్మానికి తగలదు. తోక ఇటూ అటూ కొట్టాడంటే ఆ రోజుకి ముగించడమే. ఇంకొక్క నిమిషం అని ఆశపడితే రేపు దువ్వెన చూడగానే మంచం కిందకి దూరతాడు.

జడలు కట్టిన చోట కత్తెర పెట్టొద్దు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పిల్లి చర్మం పల్చగా, వదులుగా ఉండి ఆ చిక్కుతో పాటే పైకి లేస్తుంది. ఎక్కడ బొచ్చు ఆగి ఎక్కడ చర్మం మొదలైందో కనబడదు. కాస్త మొక్కజొన్న పిండి (తెల్లటి కార్న్‌ఫ్లోర్) చల్లి, వేళ్ళతో అంచుల నుంచి విడదీస్తే చిన్నవి వచ్చేస్తాయి. అట్ట కట్టినవాటిని క్లినిక్‌లోనే ట్రిమ్మర్‌తో తీయించాను, మత్తు లేకుండా, విడతలు విడతలుగా. పొట్ట, తోక కింద భాగం ఇప్పుడు ఎప్పుడూ పొట్టిగానే ఉంచుతున్నాం. స్నానం చేయిస్తే చిక్కులు వదులుతాయని కొందరంటారు. దువ్వకుండా తడిపితే అవి ఇంకా బిగుస్తాయి.

దువ్వడం అయ్యాక అరచేతులు తడి చేసుకుని రెండుసార్లు ఒళ్ళంతా నిమురుతాను. వదులుగా వేలాడే వెంట్రుకలు చేతికొచ్చేస్తాయి. లేకపోతే మనం దువ్విన వెంటనే వాడు కూర్చుని ఒళ్ళంతా నాక్కుంటాడు, మనం వదిలించిన బొచ్చంతా వాడి పొట్టలోకే.

కీళ్ళకి నొప్పి మాత్రలు విచ్చలవిడిగా ఇవ్వడానికి లేదు, కిడ్నీ సంగతుంది. (మనుషుల పారాసిటమాల్ సంగతి తలపెట్టకండి, పిల్లికి ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.) కాబట్టి ఇల్లు మార్చాం. సోఫా పక్కన మెట్టులా ఒక పాత సూట్‌కేసు, మలమూత్రాలకి వాడే లిట్టర్ ట్రే అంచు తక్కువున్నది, నేల జారకుండా పట్టాలు. సోఫా ఎక్కడం మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆరేడు వారాల ట్రయల్ సగానికొచ్చేసరికే క్యాలెండర్ మీద 'తి', 'ను' తగ్గాయి. 'వెం' మాత్రం నెమ్మదిగా తగ్గింది. అప్పుడు పీచు, నీళ్ళ మీద పడ్డాం. డ్రై ఫుడ్‌లో నీరు పది శాతం చుట్టూ ఉంటుంది, వెట్ ఫుడ్‌లో డెబ్బై ఐదుకి పైనే. పిల్లి దాహమేసి తాగే జంతువు కాదు, తిండిలోంచే నీరు తీసుకోవాలి. అందుకని అదే రకం తిండిలో వెట్ ఫుడ్‌కి మార్చి, గోరువెచ్చని నీళ్ళు రెండు చెంచాలు కలుపుతున్నాను. గుమ్మడికాయ కూడా కలిసింది. దప్పళంలో వేసే తియ్యగుమ్మడి, బూడిద గుమ్మడి కాదు. ఉప్పు, తాలింపు ఏమీ లేకుండా ఉడికించి మెత్తగా మెదిపి, పూటకి ఒక చెంచా. ఇసబ్గోల్ కూడా ఇవ్వొచ్చన్నారు, చిటికెడే, నానబెట్టి, తడి తిండిలో కలిపితేనే. పొడిగా ఇస్తే అది పేగులో నీటిని పీల్చుకుని ఉన్న మలబద్ధకాన్ని ఇంకా పెంచుతుంది. మావాడు గుమ్మడికాయకి ఒప్పుకున్నాడు, ఇసబ్గోల్ కలిపిన గిన్నెని మట్టి కప్పుతున్నట్టు కాలితో గీకి వెళ్ళిపోయాడు.

పేస్ట్ గురించి చెప్తానన్నాను కదా. ట్రయల్ అయ్యాక వారానికి రెండుసార్లు మళ్ళీ ఇస్తున్నాం. చాలావాటిలో పారఫిన్ జెల్లీ లాంటిది ఉంటుంది, అరగదు, వెంట్రుకకి పూతలా అంటి జారిస్తుంది. తిండితో కలిపి ఇవ్వకూడదు, కొవ్వులో కరిగే విటమిన్లని ఒంటికి పట్టనివ్వదు. అందుకే రాత్రి పడుకునేముందు ముందుకాలి మీద రాస్తాను, చిరాకుపడుతూ నాకేస్తాడు. పేస్ట్ బదులు లిక్విడ్ పారఫిన్‌ని సిరంజితో నోట్లో పోయమని ఎవరైనా చెప్తే మాత్రం వినొద్దు. దానికి రుచి ఉండదు, పిల్లి మింగుతున్నట్టే తెలియక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పేస్ట్ మంచిదే, ఉన్న వెంట్రుకని దాటిస్తుంది. పేగు ఎందుకు మొరాయిస్తోందో అది చెప్పదు.

మధ్యలో శ్రావణమాసంలో ఒక రాత్రి భయపెట్టాడు. పదే పదే డోకుతున్నాడు, ఏమీ రావడం లేదు. పొద్దున తిండి ముట్టలేదు, ట్రేలోకీ వెళ్ళలేదు, మంచం కింద మూలకి చేరాడు. వెంటనే తీసుకెళ్ళాం. డాక్టరమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో పూలదండలున్నాయా? దారం ఏమైనా మింగాడా?" శుక్రవారం పూజ, ఇంటినిండా మాలలే. ఆవిడ నోరు తెరిచి నాలుక కింద చూశారు. మింగిన దారం అక్కడ చుట్టుకుని రెండో కొస పేగులోకి పోతుందట. పేగు కదిలేకొద్దీ ఆ దారం కుచ్చిళ్ళలా లాగి కోసేస్తుంది. నోట్లో గానీ వెనక గానీ కొస కనిపించినా మనం లాగకూడదన్నారు. దారం లేదు. ఎక్స్‌రేలో పెద్దపేగు గట్టి మలంతో నిండి ఉంది. ఉక్కపోతకి నీళ్ళు తగ్గించాడు, అదీ కారణం. సెలైన్ ఎక్కించి, ఎనిమా ఇచ్చారు. బయటికొచ్చిన మలం నిండా వెంట్రుకే, నారతాడు పేనినట్టు. చూడ్డానికి బాగోకపోయినా, 'కిందినుంచి పోవాల్సింది కిందినుంచే పోయింది' అని ఆవిడ సంతోషించారు. పిల్లి ఒక రోజంతా తినకపోతే ఆగొద్దని అప్పుడే చెప్పారు. లావుపాటి పిల్లులకైతే రెండు మూడు రోజుల పస్తుకే లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది.

అప్పటినుంచి మాలలు కట్టిన దారాలు మూతున్న డబ్బాలోకే. ఈ విషయంలో అత్తయ్య నాకంటే కచ్చితం. పనమ్మాయి నేలమీద దారం ముక్క వదిలినా ఊరుకోరు.

ఇప్పుడు బరువు 4.3. వెంట్రుకల ఉండ నెలకొకటి, ఒక్కో నెల రెండు. అసలు రాకూడదని నేనేమీ పట్టుబట్టడం లేదు, పొడుగు బొచ్చు పిల్లి అది. తిన్నది కక్కడం దాదాపు లేదు. చేప తలకాయ మాత్రం ఇంకా బంద్, దాని మీద అత్తయ్య పిటిషన్ పెండింగ్‌లో ఉంది. ఉగాది తర్వాత మళ్ళీ స్కాన్. పేగు గోడ అలాగే ఉంటే ఇదే తిండి, ఇదే దువ్వెన. మందం పెరిగితే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాలా, ముందు ముక్క పరీక్ష చేయించాలా అన్నది అప్పుడు తేలుస్తామన్నారు. స్టెరాయిడ్ ముందే మొదలుపెడితే తర్వాత ముక్క పరీక్షలో తేడా తెలియకపోవచ్చు, అందుకే ఆ వరస ముఖ్యమట. మావారు ముక్క పరీక్షకి ససేమిరా అంటున్నారు. నేనింకా ఏదీ అనుకోలేదు.